ఫోర్ట్ మయర్ విమాన ప్రమాదం

విమానయాన చరిత్రను చెప్పుకొనేటప్పుడు 1903వ సంవత్సరం డిసెంబరు 17వ తేదీని అందరూ స్మరిస్తారు. ఆనాడు అమెరికాలోని కిట్టీహాక్ సమీపాన, ఇసుక దిబ్బల మీద, ఆర్విల్ రైట్ 12 సెకన్ల పాటు గాలిలో నిలిచి 120 అడుగుల దూరం ప్రయాణం చేశాడు. గాలి కంటె బరువైన వాహనం యంత్రశక్తితో, మనిషి అదుపులో, ఎగరడం అదే ప్రథమం. కాని అదే చరిత్రలో మరొక తేదీ కూడా ఉన్నది. అది 1908వ సంవత్సరం సెప్టెంబరు 17. ఆనాడు అదే ఆర్విల్ రైట్ నడుపుతూ ఉన్న విమానం నేల కూలింది. ఆయన ప్రక్కన కూర్చున్న ఇరవయ్యారేళ్ళ సైనికాధికారి ప్రాణాలు కోల్పోయాడు. యంత్రశక్తితో నడిచే విమానం కూలి మనిషి మరణించడం అదే మొదటిసారి.

మొదటి తేదీని గుర్తుంచుకొన్నంతగా రెండవ తేదీని లోకం గుర్తుంచుకోలేదు. అయితే మనిషి ఎగరగలడని మొదటిది నిరూపించింది. ఎగిరిన యంత్రం ఎందుకు పడిపోయిందో ఓర్పుతో వెదకి తెలుసుకోవచ్చునని రెండవది నిరూపించింది. ఈ రెండవ పాఠం లేకపోతే మొదటి విజయం ఎక్కువ కాలం నిలిచేది కాదు.

పూర్వరంగం

రైట్ సోదరులకు పూర్వం కూడా గాలిలో ప్రాణాలర్పించిన వారున్నారు. జర్మనీ దేశపు ఇంజనీరు ఆటో లిలియెన్‌తాల్ యంత్రం లేని గ్లైడర్ల మీద కొండ వాలుల నుండి సుమారు 2,000 పర్యాయాలు ఎగిరాడు. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడరు గాలిలో పట్టు తప్పి కూలిపోయింది. మరునాడు ఆయన మరణించాడు. ఇంగ్లండులో పెర్సీ పిల్చర్ అనే యువకుడు 1899 సెప్టెంబరు 30న గ్లైడరు తోక విరగగా పడి, రెండు రోజుల తరువాత కన్నుమూశాడు. లిలియెన్‌తాల్ మరణవార్త అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిళ్ళ దుకాణం నడుపుకొంటూ ఉన్న విల్బర్, ఆర్విల్ సోదరులలో నిద్రాణమై ఉన్న ఆసక్తిని మేల్కొలిపింది. ఆయన ఎందుకు పడిపోయాడు అనే ప్రశ్నతోనే వారి పరిశోధన ఆరంభమైనదని చెప్పవచ్చు. గాలిలోకి లేవడం కంటె, లేచిన తరువాత వాహనాన్ని అదుపులో ఉంచుకోవడమే అసలు సమస్య అని వారు గ్రహించారు.

1903లో విజయం సాధించిన పిదప వారు చాలాకాలం ప్రజల ఎదుట ప్రదర్శనలు ఇవ్వలేదు. పత్రికలలో పలువురు వారిని శంకించారు. ఎట్టకేలకు అమెరికా సైన్యంలోని సంకేత విభాగం వారు 1907 డిసెంబరులో విమానం కొనుగోలుకు ప్రకటన చేశారు. ఆ ప్రకటనలోని నిబంధనలు నేటికీ చదవదగినవి. విమానం ఇద్దరు మనుష్యులను, అనగా మొత్తం 350 పౌన్ల బరువును, మోయగలగాలి. 125 మైళ్ళ ప్రయాణానికి సరిపడే ఇంధనం పట్టాలి. గంటకు 40 మైళ్ళ వేగం ఉండాలి. దిగకుండా ఒక గంట సేపు ఎగరాలి. 1908 ఫిబ్రవరిలో 25,000 డాలర్ల ధరకు రైట్ సోదరులతో ఒప్పందం కుదిరింది.

అదే సమయంలో ఫ్రాన్సు దేశంలో కూడా ప్రదర్శనలు ఇవ్వవలసి వచ్చింది. అందువల్ల సోదరులు పని పంచుకొన్నారు. అన్నగారైన విల్బర్ ఫ్రాన్సుకు వెళ్ళాడు. తమ్ముడు ఆర్విల్ వాషింగ్టన్ నగరానికి ఎదురుగా, పొటోమాక్ నదికి ఆవలి ఒడ్డున, వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఫోర్ట్ మయర్ సైనిక స్థావరానికి వచ్చాడు. అక్కడి కవాతు మైదానమే విమాన క్షేత్రం. మైదానం ప్రక్కనే ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక.

సెప్టెంబరు 3న ఆర్విల్ అక్కడ మొదటిసారి ఎగిరాడు. 9వ తేదీన ఉదయం 57 నిమిషాలు, తిరిగి అదేనాడు గంటకు పైగా గాలిలో నిలిచి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆనాడే లెఫ్టినెంట్ ఫ్రాంక్ లామ్‌ను ప్రక్కన కూర్చోబెట్టుకొని 6 నిమిషాలకు పైగా తిరిగాడు. 12వ తేదీన మేజర్ జార్జి స్క్వయర్‌ను ఎక్కించుకొని 9 నిమిషాలు ఎగిరాడు. వాషింగ్టన్ నుండి జనం తీర్థానికి వచ్చినట్లు రాసాగారు.

థామస్ సెల్ఫ్‌రిడ్జ్

మూడవసారి సైన్యం తరఫున ప్రయాణం చేయవలసిన అధికారి లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్‌రిడ్జ్. ఆయన 1882లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించాడు. వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో 1903లో పట్టభద్రుడయ్యాడు. ఆయన కేవలం చూడవచ్చిన ప్రయాణికుడు కాడు. విమాన శాస్త్రంలో ఆనాటి అమెరికా సైన్యంలో అంతటి అనుభవం గలవారు అరుదు.

టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1907లో వైమానిక ప్రయోగ సంఘం అనే చిన్న సంస్థను స్థాపించాడు. గ్లెన్ కర్టిస్, బాల్డ్విన్, మెకర్డీ అనే వారితో పాటు సెల్ఫ్‌రిడ్జ్ అందులో సభ్యుడు. 1907 డిసెంబరు 6న బెల్ నిర్మించిన ఒక పెద్ద గాలిపటం మీద పడుకొని, కెనడాలోని బ్రాడోర్ సరస్సు మీద 168 అడుగుల ఎత్తున 7 నిమిషాల పాటు ఆయన నిలిచాడు. ఆ సంఘం నిర్మించిన మొదటి విమానానికి నమూనా రూపొందించే భారం ఆయనదే. రెండవ విమానాన్ని 1908 మేలో ఆయన స్వయంగా నడిపాడు. యంత్రశక్తి గల విమానాన్ని నడిపిన మొదటి అమెరికా సైనికాధికారి ఆయనే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ సంఘం రైట్ సోదరులకు పోటీదారు. 1908 జనవరిలో సెల్ఫ్‌రిడ్జ్ గ్లైడర్ నిర్మాణం గూర్చి కొన్ని వివరాలు కోరుతూ రైట్ సోదరులకు ఉత్తరం వ్రాశాడు. వారు మర్యాదగా సమాధానమిచ్చారు. తీరా ఆ విజ్ఞానమంతా పోటీదారుల యంత్రాలలోకి చేరుతున్నదేమోనని వారికి అనుమానం కలిగింది. ఆ సెల్ఫ్‌రిడ్జే ఇప్పుడు తమ విమానాన్ని పరీక్షించే సైనిక మండలిలో సభ్యుడు. ఆయన తెలివిని ఆర్విల్ మెచ్చుకొన్నాడు గాని, ఆయనను నమ్మలేదు. ఆ సంగతి అన్నకు వ్రాసిన ఉత్తరంలో దాచలేదు కూడా. అయినా పరీక్షాధికారిని ఎక్కించుకోనని అనడానికి వీలులేదు. ఒకరినొకరు పూర్తిగా విశ్వసించని ఇద్దరు మనుష్యులు భుజం భుజం తగిలేటట్లు ప్రక్కప్రక్కన కూర్చున్నారు.

సెప్టెంబరు 17

ఆనాటి విమానం ఎట్లా ఉండేదో కొంచెం తెలుసుకోవాలి. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు. కర్రతోను, బట్టతోను చేసినవి. చక్రాలు లేవు, స్లెడ్జి బండికి ఉన్నట్లు కర్ర పట్టెలు ఉండేవి. పట్టాల మీద నిలిపి, ఒక బురుజు పై నుండి బరువును క్రిందికి వదలి, ఆ లాగుడుతో దానిని ముందుకు త్రోసేవారు. క్రింది రెక్క మీద యంత్రమూ, దాని ప్రక్కన ఇద్దరికి ఆసనాలు. పైకి క్రిందికి త్రిప్పే ఫలకం విమానానికి ముందు భాగాన ఉండేది. ప్రక్కలకు త్రిప్పే చుక్కాని వెనుక ఉండేది. రెక్కల వెనుక రెండు కర్ర ప్రొపెల్లర్లు. ఒకే యంత్రం సైకిలు గొలుసుల వంటి గొలుసులతో రెండింటినీ ఎదురెదురు దిశలలో త్రిప్పేది. ప్రొపెల్లర్లకు వెనుకగా ఉన్న చుక్కానిని బిగుతైన తీగలు నిలబెట్టి ఉంచేవి. ఈ తీగలను జ్ఞాపకముంచుకోవాలి.

ఈ ప్రయాణానికి మునుపటి వాటికంటె కొద్ది అంగుళాలు పొడవైన క్రొత్త ప్రొపెల్లర్లను బిగించారు. ఒక్కొక్కటి దాదాపు 9 అడుగులు.

సాయంకాలం 5 గంటలు దాటిన తరువాత విమానం లేచింది. మైదానం చుట్టూ రెండువేల మందికి పైగా జనం. విమానం మూడు చుట్లు చక్కగా తిరిగింది. మునుపటి ప్రయాణాల కంటె యంత్రం సాఫీగా నడుస్తున్నట్లు ఆర్విల్‌కు తోచింది. నాలుగవ చుట్టులో మలుపును కొంచెం వెడల్పుగా తీసుకొన్నాడు. అప్పుడు నేలకు నూరడుగులకు పైగా ఎత్తున, శ్మశానవాటిక వైపు ముఖంగా పోతున్నారు.

వెనుక నుండి టకటకమని చిన్న చప్పుడు వినిపించింది. ఆర్విల్ తిరిగి చూశాడు. ఏమీ కనిపించలేదు. అయినా యంత్రాన్ని ఆపి దిగిపోవాలని నిశ్చయించుకొన్నాడు. ఆ నిశ్చయానికి రెండు మూడు సెకన్లయినా పట్టి ఉండదు. అంతలో రెండు పెద్ద దెబ్బలు తగిలి విమానమంతా కంపించింది. అది కుడి వైపుకు మళ్ళింది. ఆర్విల్ వెంటనే యంత్రాన్ని ఆపివేశాడు. చుక్కాని మీటలు త్రిప్పినా లాభం లేకపోయింది. గ్లైడరు వలె మెల్లగా దిగుదామని ప్రయత్నిస్తుండగా విమానం ఎడమకు తిరిగి, హఠాత్తుగా ముక్కు క్రిందికి వంచి, నిట్టనిలువుగా పడసాగింది.

సెల్ఫ్‌రిడ్జ్ అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. దెబ్బ తగిలినప్పుడు ఒకసారి వెనుకకు చూశాడు. తరువాత ఒకటి రెండు సార్లు ఆర్విల్ ముఖంలోకి చూశాడు. పరిస్థితి ఎట్లా ఉన్నదో ఆ ముఖంలో చదువుదామని కాబోలు. విమానం తలక్రిందులయ్యే క్షణంలో మాత్రం వినీవినిపించని ఒక చిన్న శబ్దం ఆయన నోట వెలువడింది. నేలకు సుమారు 25 అడుగుల ఎత్తున ఉండగా విమానం ముక్కు తిరిగి పైకి లేవసాగింది. మరికొన్ని అడుగుల ఎత్తు మిగిలి ఉంటే క్షేమంగా దిగేవారమని ఆర్విల్ అనంతరం అభిప్రాయపడ్డాడు. ఆ కొన్ని అడుగులు లేకపోయాయి.

సెల్ఫ్‌రిడ్జ్ తల ఒక కర్రకు కొట్టుకొని పుర్రె చిట్లింది. సైనిక వైద్యశాలలో శస్త్రచికిత్స చేశారు గాని ఆయనకు స్పృహ రాలేదు. ఆ రాత్రి 8 గంటల ప్రాంతాన మరణించాడు. ఆర్విల్ ఎడమ తొడ ఎముక విరిగింది, ప్రక్కటెముకలు చిట్లాయి, నడుముకు గాయాలైనాయి.

ముక్కలు చెప్పిన సాక్ష్యం

విమానమంటేనే పిచ్చి అనుకొనే కాలమది. విమానం ప్రకృతి విరుద్ధం కాబట్టి పడిపోయింది అని ఎవరైనా అని ఉంటే కాదనడానికి ఏ సిద్ధాంతం సరిపోదు. దానికి ఒకే సమాధానం: ఏ భాగం, ఏ క్రమంలో, ఎందువల్ల విఫలమైనదో చూపించాలి.

ఫోర్ట్ మయర్‌లో రైట్ సోదరులకు ఇద్దరు మెకానిక్కులు తోడుగా ఉండేవారు. ఒకరు 1903 విమానానికి యంత్రం తయారుచేసిన చార్లీ టేలర్. రెండవవాడు చార్లీ ఫర్నస్. ఇతడు 1908 మేలో కిట్టీహాక్ వద్ద రైట్ విమానంలో మొట్టమొదటి ప్రయాణికుడుగా ఎగిరినవాడు. విరిగిన భాగాలను వారు వైద్యశాలకు తెచ్చి ఆర్విల్ పడక వద్ద చూపారు. కదలలేని స్థితిలో ఉండి కూడా ఆయన ఆ ముక్కలను పరిశీలించి కారణం నిర్ణయించాడు. సంకేత విభాగం వారి విచారణ మండలి కూడా ప్రొపెల్లరు రెక్క విరగడమే ప్రమాదానికి మూలమని, దానివల్ల అదుపు తప్పడం అనివార్యమైనదని తేల్చింది.

జరిగిన క్రమం ఇది. కుడి ప్రొపెల్లరు రెక్కలలో ఒకదానిలో పొడుగునా నెర్రె పట్టింది. ప్రొపెల్లరు అంటే గుండ్రంగా తిరిగే విమానపు రెక్కయే. దాని వంపు, వాలు సరిగా ఉంటేనే గాలిని వెనుకకు నెట్టి విమానాన్ని ముందుకు త్రోయగలదు. నెర్రె పట్టిన రెక్క మెత్తబడి చదునైపోయింది. దాని త్రోపు తగ్గింది. రెండవ రెక్క మాత్రం మునుపటి బలంతోనే త్రోస్తున్నది. ఈ తేడా వల్ల ప్రొపెల్లరు ఇరుసు ప్రతి చుట్టుకు ఒకసారి ఊగసాగింది. ఆ కంపనానికి ఇరుసును పట్టి ఉంచే గొట్టాలు సడలాయి. ప్రొపెల్లరు తాను తిరగవలసిన చోటి నుండి జరిగి, చుక్కానిని నిలబెట్టే తీగకు తగిలింది. ఆర్విల్ విన్న చప్పుడుకు కారణం ఇదే. తీగ ఊడిపోయింది, రెక్క కొన విరిగిపోయింది. తీగ లేని చుక్కాని ప్రక్కకు ఒరిగింది. నిలువుగా ఉండవలసిన ఫలకం అడ్డంగా పడేసరికి గాలి దాని క్రింద పట్టి తోకను పైకి ఎత్తింది. తోక లేస్తే ముక్కు వంగక తప్పదు. ముందు ఫలకాన్ని ఎంత త్రిప్పినా తోక మీది ఈ బలాన్ని అది సకాలంలో జయించలేకపోయింది.

ఒక చిన్న నెర్రెకు ఇంత శక్తి ఎక్కడిదని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. దీనికి ఒక లెక్క చూద్దాం. 9 అడుగుల ప్రొపెల్లరు నిమిషానికి 400 చుట్లు తిరుగుతుందని అనుకొందాం. దాని కొన సెకనుకు సుమారు 188 అడుగుల వేగంతో, అనగా గంటకు దాదాపు 128 మైళ్ళ వేగంతో పరుగెత్తుతుంది. ఇరుసుకు 4 అడుగుల దూరాన ఒక పౌను బరువు గల ముక్కను పట్టి ఉంచడానికి ఎంత బలం కావాలి? వృత్తాకార చలన సూత్రం ప్రకారం లెక్కిస్తే అది 200 పౌన్ల బరువును మించుతుంది. వేగం రెట్టింపు అయితే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి వేగంగా తిరిగే ఏ వస్తువులోనైనా రెండు వైపుల మధ్య కొద్దిపాటి తేడా కూడా పెద్ద దెబ్బగా పరిణమిస్తుంది.

మరొక లెక్క కూడా ఉపయోగకరం. 75 అడుగుల ఎత్తు నుండి ఒక వస్తువు నిరాటంకంగా పడితే నేలను తాకడానికి రెండు సెకన్ల కంటె కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. చోదకుడు ఆలోచించి, నిర్ణయించి, మీట త్రిప్పి, దాని ఫలితం పొందడానికి ఉన్న వ్యవధి దాదాపు అంతే. ఎత్తు అంటే కేవలం అపాయమే కాదు. తప్పును దిద్దుకొనే వ్యవధి కూడా అని విమాన చోదకులకు నేర్పే పాఠంలోని అంతరార్థం ఇదే.

తరువాతి సంగతులు

వార్త ఫ్రాన్సులో ఉన్న విల్బర్‌కు మరునాడు చేరింది. ఆయన ప్రదర్శనలు ఆపి ఏకాంతంగా గడిపాడు. తాను తమ్ముని వెంట ఉండి ఉంటే ఇట్లా జరిగేది కాదేమోననే బాధ ఆయనను పీడించింది. కాని మూడు రోజుల తరువాత, సెప్టెంబరు 21న, తిరిగి విమానం ఎక్కి గంటా 31 నిమిషాలు గాలిలో నిలిచాడు. విమానం మీద లోకానికి నమ్మకం సడలకుండా ఉంచడానికి అంతకంటె మంచి మార్గం ఆయనకు తోచలేదు.

డేటన్‌లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న చెల్లెలు కాథరిన్ సెలవు పెట్టి, వెంటనే రైలెక్కి అన్నగారి పడక వద్దకు వచ్చింది. ఆర్విల్ వైద్యశాలలో ఉన్న ఆరు వారాలకు పైబడిన కాలమంతా ఆమె ఆయనను విడువలేదు. ఆయన బ్రతికి లేచాడు గాని, నొప్పి మాత్రం విడువలేదు. పన్నెండేళ్ళ తరువాత ఎక్స్‌రే తీసినప్పుడు, నడుము భాగంలో అదివరకు ఎవరూ గుర్తించని ఎముక విరుగుళ్ళు బయటపడ్డాయి.

సైన్యం రైట్ సోదరుల గడువును పొడిగించింది. 1909 వేసవిలో సోదరులిద్దరూ క్రొత్త విమానంతో ఫోర్ట్ మయర్‌కు వచ్చారు. జులై 27న ఆర్విల్ లెఫ్టినెంట్ లామ్‌తో కలిసి గంటా 12 నిమిషాలు ఎగిరాడు. 30వ తేదీన లెఫ్టినెంట్ బెంజమిన్ ఫులోయిస్‌ను ఎక్కించుకొని అలెగ్జాండ్రియా వైపుకు 5 మైళ్ళు పోయి తిరిగి వచ్చాడు. సరాసరి వేగం గంటకు 42 మైళ్ళకు పైబడింది. కోరిన వేగాన్ని మించినందుకు బహుమానం కలుపుకొని సైన్యం 30,000 డాలర్లు చెల్లించింది. ప్రపంచంలో సైన్యం కొనుగోలు చేసిన మొట్టమొదటి విమానం అదే. ఏ మైదానంలో పడిపోయాడో ఆ మైదానం నుండే, అంతకు ముందు ఏడాది మరణించిన సహచరుని సమాధికి సమీపంగానే, ఆర్విల్ తిరిగి ఎగరవలసి వచ్చింది.

సెల్ఫ్‌రిడ్జ్‌ను ప్రమాదం జరిగిన మైదానం ప్రక్కనే, ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. ప్రమాదపు రోజున ఆయన తలకు ఏ రక్షణా లేదు. అనంతరం తొలినాటి సైనిక చోదకులు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ధరించే వాటివంటి దళసరి టోపీలు ధరించసాగారు. 1917లో మిచిగాన్ రాష్ట్రంలోని ఒక విమాన క్షేత్రానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన తరువాత కూడా ఆ బాటలో పడిపోయినవారు చాలామంది. 1909 సెప్టెంబరులో ఫ్రాన్సులో యూజీన్ లెఫెవర్, 1910 జులైలో ఇంగ్లండులో రోల్స్‌రాయిస్ కంపెనీ స్థాపకులలో ఒకరైన చార్లెస్ రోల్స్, ఇద్దరూ రైట్ నమూనా విమానాలు నడుపుతూనే మరణించారు. ప్రతి ప్రమాదమూ తన ముక్కలను తానే మిగిల్చిపోయింది. వాటిని ఏరి, వరుసగా పేర్చి, మొదట విరిగినది ఏది అని అడగడం ఫోర్ట్ మయర్‌లోనే ఒక పద్ధతిగా రూపుదాల్చింది. నేడు ఎక్కడ విమానం కూలినా నిపుణులు ముందుగా చేసే పని అదే.

సెల్ఫ్‌రిడ్జ్ గాలిలో ఎగిరే యంత్రాల రహస్యం తెలుసుకోవాలని కోరినవాడు. ఆయన కోరిక ఆయన బ్రతికి ఉండగా తీరలేదు. కాని ఆయనను బలిగొన్న ప్రొపెల్లరు ముక్క, వైద్యశాలలో పడక మీద ఉన్న మనిషి చేతికి వచ్చి, ఆ రహస్యంలో ఒక భాగాన్ని తరువాత ఎగిరే వారందరికీ తెలియజెప్పింది.